ఎనిమిదిన్నర కిలోలు

ఆపరేషన్‌కి ఇంకా రెండు రోజులుందనగా నేను మా అన్నయ్య కుడిచేతి వేళ్లు రెండు నరికేశాను. పదిహేడేళ్లుగా కత్తి పట్టి బతుకుతున్నదాన్ని, చెయ్యి జారిందంటే ఎవరూ నమ్మరు. అందుకే జరిగింది జరిగినట్టు చెప్తాను. ఎవరికైనా జాలి కలిగితే దాన్ని తమ దగ్గరే ఉంచుకోవచ్చు.

మాది మాంసం కొట్టు. కింద దుకాణం, దాని వెనక చల్లగది, పైన రెండు గదులు. ఉండేది ఇద్దరమే. అన్నయ్య నాకంటే తొమ్మిదేళ్లు పెద్ద. నాలుగు పూటలా తింటాడు, అయినా ఒంటికి పట్టదు. నాకు మాత్రం వాసన పీల్చినా ఒంటికి పట్టేస్తుంది. బజారంతా నన్ను బండక్క అంటుంది. మొహం మీదే అనేవాళ్లకు ఎముక ఎక్కువేసి కట్టిస్తాను. అన్నయ్య ఒక్కడే చిట్టీ అని పిలుస్తాడు, నూట నలభై కిలోల చిట్టిని.

షుగరు, బీపీ, అరిగిపోయిన మోకాళ్లు, ఇవన్నీ ఎప్పటి నుంచో ఉన్నవే. నిద్రలో గంటకు నలభైసార్లు ఊపిరి ఆగుతోందని మాత్రం మొన్నటి పరీక్షలో తేలింది. ఆ సంగతి మా అన్నయ్యకు ఏ పరీక్షా లేకుండానే తెలుసు. పక్కగదిలో పడుకుని నా గురక వింటుంటాడు. గురక ఆగిందంటే కత్తి పిడితో గోడ మీద కొడతాడు, నేను ఉలిక్కిపడి మళ్లీ ఊపిరి తీసుకుంటాను. ఏడేళ్లుగా కొట్టీ కొట్టీ గోడకు ఒకచోట సున్నం రాలిపోయింది.

"ఇలాగే ఉంటే ఏదో ఒకరోజు గోడ కూలగొట్టినా నువ్వు లేవవమ్మా" అన్నాడు సర్జన్. మనిషి కటువుగా మాట్లాడతాడు, అందుకే నాకు నచ్చాడు. నా పొట్టను నిలువుగా కోసి ముప్పావు వంతు తీసి పారేస్తాడట, మిగిలింది అరటిపండంత ఉంటుందట. నేను రోజూ చేసే పనే, కాకపోతే నేను చచ్చినవాటికి చేస్తాను.

కానీ దానికో షరతు పెట్టాడు. పొట్ట మీద మూతలా కార్జం పరుచుకుని ఉంటుంది. కొవ్వు పట్టి ఉబ్బిన కార్జాన్ని పక్కకు జరిపితే చిరుగుతుంది. కాబట్టి ముందు రెండు వారాలు కడుపు మాడ్చుకుని కార్జాన్ని కుంచించాలి, ఎనిమిది కిలోలు తగ్గాలి. "నూట ముప్పై రెండు దాటితే నేను కత్తి పట్టను. ఈ తేదీ పోతే మళ్లీ ఎనిమిది నెలలకే" అన్నాడు.

కార్జం గురించి నాకు ఒకరు చెప్పక్కర్లేదు. మంచిది ముదురెరుపుగా, బిగువుగా ఉంటుంది. కొవ్వు పట్టింది పసుపు తిరిగి, బొటనవేలు పెడితే వెన్నలోకి దిగినట్టు దిగిపోతుంది. అలాంటివి మేం అమ్మం, కుక్కలకు వేస్తాం. ఆ రోజు దుకాణానికి రాగానే అలాంటిదొకటి తీసి మొద్దు మీద పెట్టి వేలు గుచ్చి చూశాను. నా లోపల ఉన్నది ఇదేనన్నమాట అనుకుంటే ఒళ్లు మండిపోయింది. కత్తెత్తి దాన్ని ముద్దముద్ద చేసేదాకా ఆగలేదు.

డైట్ మేడమ్ నాకు పొడి ప్యాకెట్లు ఇచ్చింది. రోజుకు ఐదు, నీళ్లలో కలుపుకుని తాగాలి. నమిలేది ఏదీ తినకూడదు. "నీళ్లు మాత్రం మానొద్దు, రోజుకు రెండున్నర లీటర్లు. కళ్లు తిరిగితే వెంటనే ఫోన్ చెయ్యి. వారానికోసారి వచ్చి బరువు చూపించుకో" అని పదిసార్లు చెప్పింది. నేను వెళ్లలేదు. షాపు వదిలి రాలేనని చెప్పాను గానీ అసలు సంగతి వేరు. హాస్పిటల్ కాటా హాల్లో అందరి ముందూ ఉంటుంది. నేను ఎక్కితే అంకె పెద్దపెద్ద ఎర్రక్షరాల్లో వెలుగుతుంది, బెంచీల మీద కూర్చున్నవాళ్లంతా సినిమా చూసినట్టు చూస్తారు.

అయినా మాకు కాటా లేదా ఏమిటి? చల్లగది ముందు పైకప్పుకి వేలాడే పెద్ద గడియారం కాటా మా అమ్మ నాటిది. మూడువందల కిలోల దాకా తూస్తుంది, జన్మలో అబద్ధం చెప్పలేదు. దాని కొక్కేనికి నాలుగు తాళ్లతో ఒక చెక్కపెట్టె కట్టి, ఖాళీ పెట్టెకు ముల్లు సున్నా దగ్గర నిలిచేలా సరిచేశాం. సాయంత్రం కొట్టు కట్టేశాక నేను ఆ పెట్టె మీద కూర్చుంటాను. అన్నయ్య వెనక్కి వెళ్లి, కాటాను పైకి లేపే కప్పీ గొలుసు లాగుతాడు. కాళ్లు నేల విడవగానే మెడ పైకెత్తి ముల్లు చూసుకుంటాను. ఎవరి నోటి మాటా నమ్మనక్కర్లేదు, నా కళ్లతో నేనే చూసుకోవచ్చు.

మొదటి రోజు నూట నలభై. నాలుగో రోజు నూట ముప్పై తొమ్మిది. అన్నయ్య పెట్టెను కిందికి దించి "తగ్గావే చిట్టీ" అన్నాడు. మొహంలో సంతోషం లేదు. నేను పట్టించుకోలేదు.

ఆకలి ఎలా ఉంటుందో నాకు అప్పటిదాకా తెలియదు. ఆకలంటే నీరసం అనుకునేదాన్ని. కాదు, ఆకలంటే కోపం. ఎదురుగా వచ్చిన ప్రతివాడి దవడా పగలగొట్టాలనిపిస్తుంది. ఐదో రోజున రోజూ వచ్చే మెకానిక్ ఒకడు "ఏంటక్కా, నువ్వు సన్నబడతావంట, ముందు నా ముక్కలు సన్నగా కొట్టు" అని పళ్లికిలించాడు. చేతిలో ఉన్న తొడ ఎముక విసిరాను. వాడి పై పెదవి చీలి చొక్కా అంతా రక్తమైంది. అన్నయ్య పరుగెత్తుకెళ్లి వాడి మూతికి గుడ్డ అడ్డం పెట్టి, కాళ్లావేళ్లా పడి పంపించాడు.

"పిచ్చెక్కిందా నీకు?"

"ఆకలెక్కింది."

ఆరో రోజున అన్నయ్య నా కంటపడకుండా మెట్ల కింద నిలబడి గుడ్లూ బ్రెడ్డూ తింటున్నాడు. దాక్కుని తినడం చూస్తే ఇంకా మండింది. ప్లేటు లాక్కుని గోడకేసి కొట్టాను. పచ్చసొన గోడ మీంచి జారుతుంటే, దాన్ని నాలికతో అందుకుందామని ఒక అడుగు ముందుకేశాను కూడా. అన్నయ్య చూశాడు. తల తిప్పుకున్నాడు. అంత సిగ్గు నా జీవితంలో ఎప్పుడూ పడలేదు. చల్లగదిలోకి వెళ్లి తలుపేసుకుని, వేలాడుతున్న మాంసాన్ని చేతులు కమిలిపోయేదాకా పిడికిళ్లతో గుద్దాను.

ఏడో రోజున ముల్లు నూట ముప్పై తొమ్మిదిన్నర చూపించింది. పెరిగింది!

"తిన్నావా?" అన్నాడు అన్నయ్య వెనక నుంచి.

"నా పిండాకూడు తిన్నాను. ఒక్క ముక్క కూడా ముట్టలేదు."

"మరి ఎందుకు తగ్గట్లేదు? కొన్ని ఒళ్లు తగ్గవేమోనే. వదిలెయ్యరాదూ? ఇన్నాళ్లూ బతకలేదా?"

నాకు ఏడుపొచ్చింది. మర్నాటి నుంచి ఐదు ప్యాకెట్లను మూడు చేశాను. తొమ్మిదో రోజున ముల్లు మళ్లీ మొదటికే వచ్చి నూట నలభై దగ్గర నిలబడింది. అప్పుడు నా బుర్రకు తట్టింది, నీళ్లకూ బరువు ఉంటుంది కదా అని. మాంసం నీళ్లలో నానబెట్టి బరువు పెంచే దొంగలను చూసినదాన్ని. నీళ్లు మానేశాను. నోరు తడి చేసుకుని ఉమ్మేసేదాన్ని. పదకొండో రోజుకు నాలిక అంగిలికి అతుక్కుపోయింది, పిక్కలు పట్టేశాయి, గుండె ఉండుండి ఒక దెబ్బ తప్పి రెండు దెబ్బలు కొట్టేది. డైట్ మేడమ్ ఫోన్ చేస్తే అంతా బాగుందని చెప్పాను. ఇంట్లోవాళ్లు ఒకరు సంతకం పెట్టాల్సిన కాగితం సంగతి అడిగింది. అన్నయ్య దాన్ని సొరుగులో వేసి, ఆ రోజుకి పెడతాలే అని పన్నెండు సార్లు చెప్పాడు. అదే సంగతి ఆమెకూ చెప్పాను.

పన్నెండో రోజు సాయంత్రం పెట్టె మీద కూర్చున్నాను. అన్నయ్య గొలుసు లాగాడు. కాళ్లు లేచాయి. ముల్లు గజగజలాడి ఆగింది. నూట నలభై.

కళ్లు బైర్లు కమ్మాయి. ఎదురుగా ఉన్న గోడ పక్కకు ఒరిగింది. ఒరిగింది గోడ కాదు, నేనే. వెల్లకిలా సిమెంటు నేల మీద పడ్డాను. తల వెనక ఏదో చిట్లిన చప్పుడు, మెడ కిందకు వెచ్చగా పారుతున్న తడి. అన్నయ్య అరుస్తూ నా మీదకు వంగాడు. అతని భుజం పక్కనుంచి, నాకు పైన, గాలిలో ఊగుతున్న పెట్టె కనిపించింది. దాని అడుగు కనిపించింది.

నా పాదాలు నేను చూసుకుని ఆరేళ్లయింది. వంగి నా కింద ఏముందో చూసుకునే ఒళ్లు కాదు నాది. ఆ సంగతి లోకంలో అందరికంటే బాగా తెలిసినవాడు మా అన్నయ్య. పెట్టె అడుగున ఒక చిన్న కొక్కెం, దానికి ఒక గోనెసంచి వేలాడుతోంది. నేను ఎక్కి కూర్చున్నాక, గొలుసు లాగడానికి వెనక్కి వెళ్లినప్పుడు తగిలించేవాడన్నమాట. నేను దిగేలోపు తీసేసేవాడు.

మొద్దు పట్టుకుని ఎలా లేచానో తెలియదు. లేవడంలోనే చేతికి కత్తి దొరికింది. సంచికి ఒక్క గాటు పెట్టాను. అమ్మ వాడిన తూకం రాళ్లు టపటపా నేల మీద పడ్డాయి. ఐదు కిలోలది, రెండు కిలోలది, కిలోది, అరకిలోది. కూడితే ఎనిమిదిన్నర. పన్నెండు రోజులు పేగులు మెలిపెట్టుకుని నేను కరిగించిన ఒళ్లు అది. నేను ఎంత తగ్గితే అంతా ఇనుపముక్కలుగా నా కిందే వేలాడదీశాడు.

"చిట్టీ, చెప్పేది విను..."

కిలోరాయి విసిరాను. అతని భుజానికి తగిలి ఎముక మీద పడ్డ చప్పుడు వినిపించింది. రెండు కిలోలది గురితప్పి అద్దాల బల్లను భళ్లున బద్దలు కొట్టింది. అన్నయ్య పారిపోలేదు. గోడకు ఆనుకుని భుజం పట్టుకుని నిలబడ్డాడు.

"నేను చావాలనా? గోడ కొట్టీ కొట్టీ విసుగొచ్చిందా? నోటితో చెప్పొచ్చుగా!" నా గొంతు నాకే గుర్తుపట్టరానంతగా చీలిపోయింది.

"నువ్వు బతకాలనే!" తనూ అరిచాడు. "అమ్మ కూడా ఇలాగే నడుచుకుంటూ వెళ్లింది. కడుపులో రాళ్లే కదా, కోసి తీసేస్తే సరిపోతుందన్నారు. కాగితం ఇచ్చారు. నాన్న లేడు. పంతొమ్మిదేళ్లవాణ్ణి, నేనే పెట్టానే సంతకం! నాలుగు గంటలకు దుప్పటి కప్పి తెచ్చిచ్చారు. మళ్లీ నీకూ పెట్టమంటావా?"

అమ్మ హాస్పిటల్లో పోయిందని తెలుసు. అప్పుడు నాకు పదేళ్లు. సంతకం సంగతి నాకెవరూ చెప్పలేదు. ఇప్పుడు విన్నాను, విని కూడా ఆగలేదు. నా కోపం అప్పటికే చెయ్యి దాటిపోయింది. పెట్టెను లాగి మొద్దు మీద పడేసి, నరికే పెద్దకత్తి అందుకున్నాను. దాన్ని పేళ్లు పేళ్లు చేస్తే తప్ప ఊపిరాడేలా లేదు. అన్నయ్య ఉరికొచ్చి పెట్టె అంచు పట్టుకుని లాగాడు. "ముందు కూర్చోవే, తల నుంచి రక్తం కారుతోంది, పడిపోతావు" అంటున్నాడు. కత్తి దించాను.

చెక్కనే చూశావా, చేతిని చూశావా అని తర్వాత నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో. చెయ్యి కనిపించింది. ఆపడానికి రెప్పపాటు టైముంది. ఆపలేదు. అంతకు మించి దాచడానికి ఏమీ లేదు.

ఉంగరం వేలు, చిటికెన వేలు. అన్నయ్య అరవలేదు. చేతి వంక వింతగా చూశాడు. ఆ తర్వాత రక్తం ఒక్కసారిగా చిమ్మి నా మొహాన పడింది, ఆ వెచ్చదనానికి మత్తు దిగినట్టు కోపమంతా దిగిపోయింది. ఇక నా చేతులు వాటంతట అవే పని చేశాయి. మణికట్టు పైన తాడు బిగించాను. వేళ్లు రెండూ ఏరి తడిగుడ్డలో చుట్టి, కవర్లో వేసి, ఆ కవరు ఐసులో పెట్టాను. మాంసం చెడకుండా చూడటం మాకు తెలిసిన విద్యే. మా అన్నయ్య మాంసానికి అది వాడతానని ఏనాడూ అనుకోలేదు.

టాక్సీలో నా ఒళ్లో తలపెట్టుకుని "ఆ హాస్పిటల్‌కి వద్దే, ఇలాగే కుట్టించెయ్" అని గొణుగుతూనే ఉన్నాడు. తీసుకెళ్లింది నా ఆపరేషన్ జరగాల్సిన ఆ హాస్పిటల్‌కే.

ఎమర్జెన్సీలో డాక్టరమ్మ ఎలా జరిగిందని అడిగింది. నేను నోరు తెరిచేలోపు అన్నయ్య "కొట్టు పనండీ, కత్తి జారింది" అన్నాడు. చేతి వరకే మత్తిస్తే బల్ల మీద ఒక్క క్షణం కుదురుగా ఉండలేకపోయాడు, భయంతో కాళ్లు కొట్టుకున్నాడు. ఇక పూర్తి మత్తే అన్నారు. చివరిసారి ఎప్పుడు తిన్నావని అడిగారు.

"గంట కిందటే. ఖాళీ కడుపే కావాలంటే మా చెల్లెల్ని తీసుకెళ్లండి, పన్నెండు రోజులుగా మాడుతోంది" అన్నాడు. పళ్లు టకటకలాడుతూనే అన్నాడు.

దగ్గరి బంధువు సంతకం పెట్టాలని నాకో కాగితం ఇచ్చారు. మత్తు వల్ల ప్రాణాపాయం కలగవచ్చునని మూడో వరుసలో ఉంది. ఆ వరుస ఐదుసార్లు చదివాను. నన్ను చూసి నర్సు కుర్చీ తెచ్చింది. కూర్చుని సంతకం పెట్టాను. తలుపులు మూసుకున్నాయి. ఆ తలుపు బయట నేను ఐదు గంటలు కూర్చున్నాను. పంతొమ్మిదేళ్లవాడు అలాంటి తలుపు బయట ఒంటరిగా ఎలా కూర్చున్నాడో ఆ ఐదు గంటలూ ఆలోచించాను.

డైట్ మేడమ్ అటుగా వెళ్తూ నన్ను చూసి కెవ్వుమంది. ఒళ్లంతా రక్తం, పగిలిన పెదాలు, తలకు కట్టు. సంగతి విని నా చెయ్యి పట్టుకుని బరబరా లాక్కెళ్లి, హాల్లో అందరి ముందూ కాటా ఎక్కించింది. ఎర్రంకె వెలిగింది. నూట ముప్పై ఒకటిన్నర. బెంచీల మీదివాళ్లు చూశారు. చూడనీ అనుకున్నాను.

సర్జన్‌కు మాత్రం సంతోషం లేదు. రక్తపరీక్ష కాగితం నా మొహం మీద ఆడించాడు. "నీళ్లు మానేస్తావా? కిడ్నీలు ఎండబెట్టుకొస్తే నేను కోయాలా? ఇంకో రెండు రోజులు ఇలాగే ఉంటే ఆ గుండె ఆగిపోయేది. కార్జం కుంచించమన్నాను గానీ ప్రాణం కుంచించమన్నానా?" సెలైన్ ఎక్కించారు, మళ్లీ రోజుకు ఐదు ప్యాకెట్లు మొదలుపెట్టారు. రెండు రోజుల్లో రక్తం కుదుటపడితేనే ఆపరేషన్ అన్నాడు. సెలైన్‌తో కిలో పెరిగితే పెరగనీ, అది లెక్కలోకి రాదన్నాడు.

అన్నయ్యకు మెలకువ వచ్చేసరికి సెలైన్ స్టాండు తోసుకుంటూ పక్కన నిలబడ్డాను. ఉంగరం వేలు అతికింది. చిటికెన వేలు దక్కలేదు. కుడిచెయ్యి మొత్తం మోచేతి దాకా తెల్లటి కట్టులో ఉంది. కళ్లు తెరిచి నన్ను చూశాడు, పైకప్పును చూశాడు, మళ్లీ నన్ను చూశాడు.

"లేచానా?"

"లేచావు."

"నీ బరువెంత?"

"నూట ముప్పై ఒకటిన్నర."

కళ్లు మూసుకున్నాడు. కన్నీళ్లు చెవుల్లోకి కారాయి. తుడుద్దామని వంగితే నా ఒళ్లు అడ్డమొచ్చింది. ఇద్దరికీ నవ్వొచ్చింది, నవ్వితే అతనికి భుజం నొప్పి. క్షమించమని నేను అడగలేదు, తనూ అడగలేదు. మా ఇద్దరి తప్పులూ ఏ కాటా మీద పెట్టినా సమానంగా తూగవు, నాదే బరువెక్కువ. అది నాకు తెలుసు.

పద్నాలుగో రోజు ఉదయం పరీక్షలు బాగున్నాయన్నారు. నర్సు నా కాగితం పట్టుకుని అన్నయ్య మంచం దగ్గరికొచ్చింది. "ఇంట్లోవాళ్లు మీరేగా? ఇక్కడ సంతకం పెట్టండి" అని పెన్ను చాపింది. అన్నయ్య ఆ కాగితం చదవడం మొదలుపెట్టాడు. మూడో వరుస దగ్గర కళ్లు ఆగిపోవడం నేను గమనించాను. వద్దంటే ఈసారి నా దగ్గర కత్తి లేదు, మాట కూడా లేదు.

కట్టు కట్టిన కుడిచెయ్యి కాస్త పైకెత్తి చూపించి, ఎడమచేతి బొటనవేలు ముందుకు చాపాడు. నర్సు సిరాడబ్బా తెచ్చింది. వేలికి సిరా రాస్తూ "చదువు రాదా?" అని అడిగింది.

"చదువొచ్చు" అన్నాడు అన్నయ్య. "చెల్లెలుంది."

వేలు కాగితం మీద పెట్టి గట్టిగా అదిమి, తీయకుండా అలాగే ఉంచాడు. నర్సు చాలు చాలు అని మెల్లగా లాగాల్సి వచ్చింది. లేచి తనూ వస్తానన్నాడు. వద్దన్నా వినకుండా ఆ థియేటరు తలుపు దాకా వచ్చి, పక్కనున్న కుర్చీలో కూర్చున్నాడు. స్ట్రెచర్ తెస్తామన్నారు. నాకు అక్కర్లేదని చెప్పి, అన్నయ్య చూస్తుండగా నడుచుకుంటూ లోపలికి వెళ్లాను.